మేకపిల్ల మెడలో గంట

ఈ మధ్య రెండు పుస్తకాలు చదివాను. ఒకటి నాలుగు వందల పేజీల నవల, పెద్దవాళ్లది. ఇంకొకటి ముప్పై పేజీలు కూడా లేని బొమ్మల కథ, పిల్లలది. చదివిన పుస్తకం గురించి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు చదివినట్టే ఉండదు. ఆ ఎవరో ఒకరు మా అక్క. ఆమె ఎమ్మిగనూరులో ఉంటుంది, నేను ఆదోనిలో. మధ్యలో గంట బస్సు ప్రయాణం. ప్రతి ఆదివారం ఆ ప్రయాణం చేస్తాను. మొన్నటి చలికాలం దాకా, నేను చెప్పులు విడవకముందే లోపలి నుంచి మాట వచ్చేది.

"ఏం కత తెచ్చినావప్పా?"

తర్వాత చాలా వారాలు ఆ మాట వినబడలేదు. ఇల్లు అదే, అక్క అదే, టీ అదే. ఆ ఒక్క ప్రశ్న లేదు. తప్పు నాది. పుస్తకాల మీద నా అభిప్రాయం రాద్దామని కూర్చుంటే ముందుగా ఆ తప్పే గుర్తుకొస్తోంది. కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

మాది దూదేకులవాళ్ల ఇల్లు. ఆదోనిలో నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అక్క మూడో తరగతిలో బడి మాని ఆయన పక్కన సూది పట్టుకుంది. నేను బడి నుంచి వచ్చి, దూది ఏకే విల్లు నారి మోగుతున్న ఆ గదిలోనే కూర్చుని, తెలుగు వాచకం పైకి చదివేవాణ్ణి. అక్క వెంట్రుకల నిండా దూది పోగులుండేవి. తల ఎత్తకుండా వినేది. పాఠం అయిపోగానే, "ఇంగొక తూరి సదువు," అనేది. రెండోసారి చదివేటప్పుడు నేను ఒక వాక్యం ఎగరగొడితే పట్టుకునేది. ఆమెకు అక్షరాలు కూడబలుక్కుని బస్సు బోర్డు చదవడం వరకే వచ్చు. చెవి మాత్రం అట్లాంటిది.

ఆ తర్వాత నేను దినపత్రికల్లో పడ్డాను. మొదట ఆదోని విలేకరిగా వార్తలు రాసి, కవర్లో పెట్టి కర్నూలు బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. తర్వాత కర్నూలులోనే డెస్కు ముందు కూర్చుని ఇతరులు పంపిన కవర్లు విప్పేవాణ్ణి. పత్తి యార్డులో ధర, దేవరగట్టు కర్రల పండగలో దెబ్బలు తగిలినవాళ్ల సంఖ్య, మంత్రాలయం దగ్గర తుంగభద్ర నీటిమట్టం, ఏదైనా సరే ముందు సరిచూడాలి, తర్వాతే అచ్చుకు పోవాలి. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. ఆ పని మనిషికి ఒక గుణం అంటగడుతుంది. తప్పు కనబడితే చెయ్యి ఆగదు. హోటల్లో ధరల పట్టిక చూసినా, పెళ్లిపత్రిక చూసినా జేబులో పెన్ను కోసం వెతుక్కుంటాను.

ఉద్యోగం అయిపోయాక ఆదోనికి తిరిగొచ్చాను. అప్పటికి బావ పోయి కొన్నేళ్లయింది. అక్క ఎమ్మిగనూరులో బొంతలు కుడుతూ ఉంది. పరుపుల పని యంత్రాలకు పోయింది కానీ, పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టే బొంత ఇంకా చేతి పనే. ఆదివారం ఆదివారం నేను ఒక నవల తీసుకుపోయి, ఆమె కుడుతుంటే చదివేవాణ్ణి. వారానికి యాభై అరవై పేజీలు. చిన్నప్పటి గది మళ్లీ దొరికినట్టుండేది. విల్లు చప్పుడు ఒక్కటే తక్కువ.

ఆమె అభిప్రాయాలు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు కానీ, నేను చదివిన చాలా సమీక్షల కంటే మేలు. ఒక నవలలో పెద్దింటి కోడలు కిటికీ దగ్గర నిలబడి పన్నెండు పేజీలు ఆలోచిస్తుంది. భాష బాగుందని నేను మురిసిపోతూ చదువుతున్నాను.

"ఆయమ్మ అంతసేపు ఆడ నిలబడుకుంటే అన్నం ఎవరు వండినారు?" అంది అక్క.

"పనిమనిషి ఉంటుందిలే అక్కా."

"ఉంటే ఆ మనిషి గురించి ఒక మాట రాయగూడదా? రాసినాయప్ప అన్నం తినడా?"

అప్పటి నుంచి ఏ నవల చదివినా నాకు అదే కొలత. అన్నం ఎవరు వండుతున్నారో రాసినవాడికి తెలుసా, తెలియదా? తెలియకపోతే మిగతాదీ అనుమానమే.

పెద్దవాళ్ల నవల తర్వాత పిల్లల కథ. అది చదివేది అక్క కోసం కాదు, వీధి పిల్లల కోసం. బొంత కుట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. పరిచిన చీరలు నాలుగు వైపులా బిగువుగా ఉండాలి, లేకపోతే కుట్టు ముడతలు పడుతుంది. దానికి అక్క కనిపెట్టిన ఉపాయం, మూలకొక పిల్లను కూర్చోబెట్టడం. పిల్లల బరువుకు గుడ్డ కదలదు, అక్క కథకు పిల్లలు కదలరు. నేను వారం ముందు చదివి వినిపించిన కథ ఈ వారం అక్క నోట వాళ్లకు చేరేది. ఎప్పుడూ నేను చదివినట్టు మాత్రం చేరేది కాదు. నక్క పోయి కుక్క వచ్చేది, రాజు పోయి మునిసిపాలిటీ ఆఫీసరు వచ్చేవాడు. ఆమె చెబుతుంటే నాకు లోపల ఎర్రపెన్ను కదిలేది. అయినా ఓర్చుకునేవాణ్ణి. ఒక్కరోజు తప్ప.

ఆ రోజు కథ, మొదట చెప్పిన ఆ బొమ్మల పుస్తకంలోది. ఒక మేకపిల్ల తల్లితో సంతకు వచ్చి తప్పిపోతుంది. బెల్లం అంగడి ముందు, గాజుల బండి వెనక, లారీ కింద తల్లి కోసం వెతుకుతుంది. పొద్దు వాలుతుంది, సంత ఖాళీ అవుతుంది. తల్లి రాదు. ఆఖరి బొమ్మలో ఖాళీ మైదానం, దూరంగా టీ అంగడి దీపం, ఆ దీపం వైపు నడుస్తున్న చిన్న మేకపిల్ల. అంతే. నాకు ఆ పుస్తకం ఎంతగానో నచ్చింది. పిల్లలకు రాసేటప్పుడు చివర ఒక మిఠాయి పెట్టి పంపేవాళ్లే ఎక్కువ. ఈ రచయిత ఆ పని చేయలేదు. పిల్లలు బాధను తట్టుకోగలరని నమ్మి రాసిన కథ అది. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు.

బొంత నాలుగు మూలల్లో ముగ్గురు పాతవాళ్లే. నాలుగో మూలలో కొత్తగా ఒక పాప. మూడో తరగతి. వాళ్ల అమ్మానాన్నలు సుగ్గికి పోయినారు. మావైపు వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు మిరపకోతలకు గుంటూరు దిక్కు పోతాయి, దాన్నే సుగ్గి అంటారు. పాపను నందవరం పక్క పల్లె నుంచి తెచ్చి ఇక్కడ అవ్వ దగ్గర వదిలి పోయినారు. ఈ సంగతి అక్కకు తెలుసు. నాకూ తెలుసు. సుగ్గి వార్తలు నేను ఎన్ని రాయలేదు!

అక్క కథ చెబుతోంది. మేకపిల్లకు చెవులు తెల్లగా ఉన్నాయంది. మెడలో గంట ఉందంది. పుస్తకంలో గంట లేదే అనుకున్నాను, ఊరుకున్నాను. సంత ఖాళీ అయింది. పాప నోరు తెరుచుకుని వింటోంది. అక్క సూది ఆపి, "అప్పుడు దూరం నుంచి ఎవరో ఉరికొస్తాండారు. ఎవరనుకుంటిరి? తల్లి!" అంది.

"అక్కా, పుస్తకంలో అట్లా లేదు," అన్నాను. "తల్లి రాదు."

కోపంతో అనలేదు. డెస్కు ముందు కూర్చుని, 'ఇది ఇరవై కాదు, ఇరవై ఒకటి' అన్నట్టు అన్నాను. పాప నావైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది.

"ఎప్పటికీ రాదా?" అంది.

నేను ఏదో చెప్పబోయాను. అంతలో పాప లేచి పోయింది. ఆమె కూర్చున్న మూల గుడ్డ పైకి లేచి ముడుచుకుంది. అక్క సూదిని బొంతకు గుచ్చి, దారం చుట్టి పక్కన పెట్టింది.

"నీ బుక్కు నిజమేలేప్పా," అంది. "నాదే అబద్ధం."

తిట్టివుంటే బాగుండేది. అక్క తిట్లు నాకు కొత్త కాదు. ఆమె లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది, ఇంకొంచెం వేసుకోమంది, బస్సు టైమైందని గుర్తుచేసింది.

మరుసటి ఆదివారం నేను గడపలో నిలబడి ఆ ప్రశ్న కోసం చూశాను. రాలేదు. సంచిలోంచి నవల తీస్తే, "కండ్లు మసకగా ఉండాయప్పా, ఈ పొద్దు వద్దు," అంది. చదివేది నేనైతే ఆమె కళ్లతో పనేమిటి? అడిగే ధైర్యం లేకపోయింది. బొంత పరిచే ఉంది. మూడు మూలల్లో ముగ్గురు పిల్లలు ఒకరి ఫోను చూస్తూ కూర్చున్నారు. నాలుగో మూల మీద అక్క సన్నికల్లు పెట్టింది. పాప ఆ రోజు నుంచి రాలేదట. ఇంకో మూడు వారాలకు పాప వాళ్ల అవ్వకు జబ్బు చేసింది. పాపను ఎవరో పోతుంటే వాళ్లతో పాటు అమ్మ దగ్గరికి, ఆ మిరపచేలలోకి పంపేశారు. బడి పోయింది. ఇది అక్క చెప్పలేదు, వీధిలో విన్నాను.

సరిగ్గా ఆ వారాల్లోనే ఆ పెద్ద నవల చదివాను. రైల్వే గేటు దగ్గర ఉద్యోగం చేసే ఒక ఆడమనిషి కథ. రోజుకు ఎన్నోసార్లు గేటు వేస్తుంది, తీస్తుంది. గేటుకు ఇటూ అటూ ఆగిన జనం ఆమెకు రెండు మూడు నిమిషాలు కనబడి పోతారు. ఆ కాసేపటి చూపులతోనే ఆమె ఊరందరి బతుకులూ అల్లుకుంటుంది. సగం దాకా నవల రైలులాగే పోయింది. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. ఉత్తరాల్లో అందరూ ఒకే గొంతుతో మాట్లాడారు, అది నాకు నచ్చలేదు. మొగుడి పాత్ర కూడా గేటు పక్క స్తంభంలా నిలబడే ఉంది. అయితే ఒకచోట, ఆమె ఒక చెవి ఫోను గంట మీద వేసి, కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుతూ ఉంటుంది. రైలు వస్తోందని గంట మోగుతుంది. స్టవ్వు తగ్గించి పరుగెత్తుతుంది. రైలు పోయి తిరిగొచ్చేసరికి అన్నం అడుగంటి ఉంటుంది. ఆ నవలంతటా అడుగంటిన అన్నం వాసనే. అది చదువుతూ పుస్తకం మూసి, కిటికీలోంచి కోటకొండ వైపు చూస్తూ కూర్చున్నాను. ఇది అక్క వినాలి. ఇంత చిన్న కోరిక, గంట దూరంలో ఉంది, తీరే దారి మాత్రం నేనే మూసుకున్నాను.

ఒక ఆదివారం టీ తాగుతూ, "ఆ రోజు నేను అట్లా అనకుండా ఉండాల్సింది అక్కా," అన్నాను.

"ఏ రోజు?" అంది. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. పత్రికలో తప్పు పడితే మరునాడు సవరణ వేసేవాళ్లం. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పడిన తప్పుకు లోపలి పేజీ మూలలో రెండు వాక్యాలు. ఆ సవరణ చదివామని నాకు ఎవరూ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. నేను అక్కతో చేసిందీ అట్లాంటిదే. తప్పు బొంత మీద, పిల్లల ముందర జరిగింది. సవరణ టీ గ్లాసు పక్కన వేశాను.

తర్వాతి ఆదివారం అక్క వంటింట్లో ఉండగా పోయి బొంత మీద కూర్చున్నాను. ముగ్గురు పిల్లలూ, సన్నికల్లూ ఎవరి చోట్లో వాళ్లున్నారు. ఫోను పక్కన పెట్టమని, మేకపిల్ల కథ మొదలుపెట్టాను. వంటింట్లోకి వినబడేంత పెద్దగానే చెప్పాను.

"తాతా, నువ్వు పేపరు సదివినట్ల సెప్తాండావు," అన్నాడొకడు.

"వినరా ముందు."

"మేకపిల్ల సెవులు ఏ రంగు?" అంది పక్కనున్న పిల్ల.

"పుస్తకంలో అయితే..." అని ఆగాను. "తెల్లవి. మీ అవ్వ చెప్పింది కదా."

"ఆ పొద్దు అవ్వది తప్పంటివి గదా!"

"అన్నాను. అప్పుడు తప్పు చేసింది నేను. అవ్వ కాదు."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. నేను సంతంతా తిప్పాను. బెల్లం, గాజులు, లారీ. సంత ఖాళీ అయింది. "అప్పుడు తల్లి వచ్చింది," అన్నాను.

"ఎట్ల వచ్చింది?"

"వెతుక్కుంటూ వచ్చింది."

"అంత సీకట్లో పిల్ల యాడుందో దానికెట్ల తెలిసింది?"

ఇన్నేళ్లు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా అని అందర్నీ అడిగినవాణ్ణి. ఒక పిల్ల 'ఎట్లా' అని అడిగితే నోరు తెరుచుకుని కూర్చున్నాను.

"గంట యాడ పారేసినావప్పా?"

అక్క గడపలో నిలబడి ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

"మేకపిల్ల మెడలో గంట కట్టినది ఎవురు?" అని పిల్లల్ని అడిగింది.

"తల్లే!"

"ఎప్పుడు?"

"సంతకు పోకముందర!"

"ఎందుకు?"

"తప్పిపోతే ఇనపడాలని!"

"మరి గంట లేకుండా తల్లిని ఎట్ల పిలుస్తాడు ఈ తాత? పేపర్లో ప్రకటన ఏపిస్తాడా?"

పిల్లలు బొంత మీద పడి దొర్లి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక విషయం తెలిసి సిగ్గుపడ్డాను. ఆ రోజు నేను రెండు తప్పులు పట్టాను, గంట ఒకటి, తల్లి ఒకటి. మొదటిది రెండోదాని కోసం ముందే కట్టి ఉంచిన ముడి అని నాకు తట్టలేదు. కథ మొదట్లోనే అక్క ఆ గంట కట్టింది. తల్లి ఊరికే రాలేదు. గంట విని వచ్చింది. ఇట్లాంటి పనితనం మంచి నవలల్లో చూసి మెచ్చుకున్నవాణ్ణే, అక్క కథలో చూసి తప్పన్నాను.

పిల్లలు పోయాక అక్క బొంత ముందర కూర్చుంది. సన్నికల్లు వైపు చూసింది.

"ఆ గంట ఆ పాప కోసం కట్టినానప్పా. పాప ఈడ లేనప్పుడు ఎవరికి ఇనపడల్ల?"

నేను సంచిలోంచి మేకపిల్ల పుస్తకం తీశాను. చివర రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి.

"చెప్పు అక్కా. ఉన్నదున్నట్టు రాస్తాను. పాపకు పంపుదాం."

"నువ్వా? ఉన్నదున్నట్టా?" అని నన్ను ఎగాదిగా చూసింది. అయినా చెప్పింది. ఆమె ఆగినచోట ఆగి, ఆమె వేగంతో రాశాను. మేకపిల్ల తల ఊపింది, గంట మోగింది. తల్లి మూడు ఊళ్ల అవతల మిరపచేలో ఉంది. మిరప ఘాటుకు తుమ్ముతూ, తుమ్ముతూనే వచ్చింది. ఒకచోట తల్లి రెండుసార్లు వచ్చింది. చెయ్యి రెండోదాన్ని కొట్టేయబోయింది. ఆపుకున్నాను. రెండుసార్లు వస్తే ఎవరికి నష్టం?

"ఇంగొక తూరి సదువు," అంది అక్క అయిపోయాక.

చదివాను. ఒక్క మాట కూడా ఎగరగొట్టలేదు. ఆమె కళ్లు మూసుకుని విని, "సరిగ్గానే రాసినావు," అంది. నా రాతకు ఇంతకు ముందు ఎవరూ అట్లా సంతకం పెట్టలేదు.

ఆ బుధవారం ఆ వీధి నుంచే ఇంకొక కుటుంబం కోతలకు పోతుంటే పుస్తకం పెట్టిన కవరు వాళ్ల చేతికి ఇచ్చాం. అలవాటు కొద్దీ కవరు మీద చిరునామా రాయబోయాను. ఏమని రాయను? ఒక మిరపచేను. దాని పక్క ప్లాస్టిక్ పట్టల గుడిసె. పాప పేరు, వాళ్ల నాయన పేరు రాసి ఊరుకున్నాను. ఒకప్పుడు నా కవర్లు రాత్రికి డెస్కుకు చేరాయో లేదో ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి. దీనికి ఫోన్ చేసే చోటు లేదు.

అది పోయి అయిదు వారాలైంది. ఎండలు ముదిరాయి. ఏ కబురూ రాలేదు. కవరు చేరిందో, బస్సులో ఏ సీటు కిందో పడిపోయిందో, పాపకు అక్షరాలు గుర్తున్నాయో లేదో తెలియదు. ఆ చేలలో ఆ పాప ఏ కథను దగ్గర పెట్టుకుందో, అక్కదా, నాదా, అదీ తెలియదు. బస్సులో కిటికీ పక్క కూర్చుని ఇదే అనుకుంటూ పోతాను.

మొన్న ఆదివారం నేను చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి మాట వచ్చింది. పాత మాట కాదు.

"పాప సదివింటాదా అప్పా?"

"తెలీదక్కా."

"సుగ్గి అయినాంక వచ్చి తానే సెప్తాదిలే." ఆమె సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు చికిలించి, ఎక్కించి, నా సంచి వైపు చూసింది. "దాంట్లో ఆ లావు బుక్కు ఏంది? ఎన్ని వారాలుగా మోస్తాండావు."

"రైల్వే గేటు దగ్గర పనిచేసే ఒకామె కథ."

"అన్నం ఎవరు వండుతారు?"

"ఆమే."

"అయితే తియ్యి. పాప వచ్చేలోపల అయిపోవల్ల."

నాలుగో మూలలో సన్నికల్లు అట్లాగే ఉంది. నేను దాన్ని కదపకుండా పక్కన కూర్చుని, మొదటి పేజీ తెరిచాను.